యూదవాఙ్మయమున ‘మన పితరులు’

యూదుఁ డనఁగా నెవఁడు? ఈ ప్రశ్న పైకి సులభముగాఁ గన్పట్టును. యెహోవాను గొలుచువాఁడు యూదుఁ డని కొందఱును, యూదజాతియందుఁ బుట్టినవాఁడు యూదుఁ డని కొందఱును జెప్పుదురు. లోకవ్యవహారమున నీ రెండు లక్షణములును జెల్లుచునే యున్నవి. కాని యా ప్రజల వాఙ్మయమును దఱచి చూచినచో నీ రెంటిలో నే యొక్కటియు నిలువదు. మొదటి లక్షణమునకు నతివ్యాప్తి యవ్యాప్తి యను దోషములు రెండును గలవు. ఆ దేవునినే కొలుచు క్రైస్తవులు యూదులు కారు. ఏ దేవునిని నమ్మని యూదులు పెక్కుమంది కలరు, వారు యూదులు కారని వారి ధర్మశాస్త్రమే చెప్పదు. రెండవ లక్షణము నవ్యాప్తమే. అన్యజాతులయందుఁ బుట్టి యూదులైనవారు ప్రాచీనకాలమునుండియు నున్నారు; వారిలో నొకతె దావీదు మహారాజునకు ముత్తవ్వ.

ఇట్లు లక్షణము కుదురకపోవుట కేవలము తార్కికుల వినోదమునకుఁ దగిన విషయము కాదు. ఎవరిని లోనికి రానిత్తురు, ఎవరిని వెలి యుంతురు, ఎవని శవమును దమ తోఁటలోఁ బాతుదురు, ఎవని బిడ్డకుఁ దమ బిడ్డ నిత్తురు అనునవి యన్నియు దీనిపై నాధారపడియున్నవి. ఇరువదవ శతాబ్దియందు లక్షలకొలఁది జనుల ప్రాణములే యీ నిర్ణయముపై నాధారపడెను. కావున నీ విషయమున యూదుల గ్రంథము లేమి చెప్పినవో, వానిలో నేది బలవత్తరమో విచారించుట యావశ్యకము.

ముందుగా శబ్దమును జూతము. హీబ్రూభాషలో యూదునకు ‘యెహూదీ’ యని పేరు. యాకోబు కుమారులలో నాలవవాఁడైన యూదాపేరిట వెలసిన గోత్రమువాఁడని దీని మొదటి యర్థము; పిమ్మట యూదారాజ్యవాసి యని యర్థము. క్రీ. పూ. 586 ప్రాంతమున బబులోనువారు యెరూషలేమును గూల్చి ప్రజలను జెఱగొనిపోఁగా రాజ్యము నశించెను గాని పేరు నశింపలేదు. ఎస్తేరు గ్రంథమున మొర్దెకై యనునతఁడు బెన్యామీను గోత్రజుఁడని స్పష్టముగాఁ జెప్పఁబడియు ‘యెహూదీ’ యనియే వ్యవహరింపఁబడెను. అప్పటికి గోత్రనామము ప్రజానామమైనది. ఆ గ్రంథమందే దేశప్రజలలోఁ బెక్కురు భయముచే యూదులైరని యొకచోఁ గలదు. యూదుఁడగుట యను నర్థముగల క్రియ హీబ్రూ బైబిలునం దంతట నా యొక్కచోటనే కానవచ్చును. నామపదము పుట్టుకను జెప్పుచుండఁగా క్రియాపదము పూనికను జెప్పుచున్నది. తరువాతి వివాద మంతయు నీ నామమునకును నీ క్రియకును నడుమ జరిగినదే యనవచ్చును.

మఱియొక శబ్దము ‘దాత్’. నేఁటి హీబ్రూలో దీనికి మత మని యర్థము. ఎస్తేరు గ్రంథకాలమున నిది పారసీకభాషనుండి వచ్చి చేరినది. అప్పుడు దీని యర్థము రాజశాసనము, విధి. దీని మూలధాతువు సంస్కృతమున ‘ధా’ ధాతువునకు సోదరము. మన ‘విధి’ శబ్దమును ఆ ధాతువునుండి పుట్టినదే. తెనుఁగున వాడుకలో నున్న ‘మతము’ తలఁపు నర్థముగాఁ గల ‘మన్’ ధాతువునుండి పుట్టి యభిప్రాయమును దెల్పును. కావున యూదమత మనఁగానే యేవో కొన్ని యభిప్రాయముల నంగీకరించుట యని తలఁచుట పొరపాటు. ఆ ధర్మమున నభిప్రాయముకన్న ననుష్ఠానము ముందు. విశ్రాంతిదినమును బాటించుట, సున్నతి, ఆహారనియమములు, ఏటేటఁ దోరా నాదినుండి తుదివఱకుఁ బఠించుట, పండుగలు, ఉపవాసములు ననునవి యా జీవితమునకు నాధారములు. సంప్రదాయగణనమునఁ దోరాలోని విధినిషేధములు 613.

ఇఁక గ్రంథవిచారము. ఈ విషయమున మొదట నెన్నఁదగినది రూతు గ్రంథము. నాలు గధ్యాయములు, 85 వాక్యములు గల చిన్న కథ యది. బేత్లెహేమున క్షామము గలుగఁగా నొక కుటుంబము మోయాబు దేశమునకు వలసపోయెను. అచ్చట భర్తయు నిద్దఱు కొడుకులును మరణింపఁగా నయోమి యనునామె స్వదేశమునకుఁ బయనమయ్యెను. కోడండ్రిద్దఱును మోయాబు స్త్రీలు. ఒకతె యత్తమాట విని పుట్టినింటికి మఱలెను, రూతు మఱలలేదు. ఆమె యత్తతోఁ బలికిన పలుకులలో మొదట నడచుదారి, పిదప రాత్రి బస, పిదప ప్రజ, పిదప దైవము, తుదకు సమాధి చెప్పఁబడినవి. ఈ క్రమము గమనింపఁదగినది. ఆమె దైవమును నమ్మి ప్రజలోఁ జేరలేదు; ప్రజలోఁ జేరి యా ప్రజయొక్క దైవమును దనదిగాఁ గైకొన్నది. అంతకుముందే యొక ముసలిదానియం దనురాగ మున్నది. సిద్ధాంత మెచ్చటను లేదు.

ధర్మశాస్త్రమున మోయాబీయులు పదియవ తరమున నైనను సమాజమునఁ జేరరాదని నిషేధము గలదు. కథకర్త యది యెఱుఁగనివాఁడు కాఁడు. కథ ముగియవచ్చువఱకు నతఁడామెను మోయాబీయురా లనియే పలుమాఱు పేర్కొనును; ఆ పేర్కొనుటలో నిందయు లేదు, దాపఱికమును లేదు. ఆమె బోయజును బెండ్లాడి యోబేదును గనెను. ఓబేదు కొడుకు యెష్షయి, యెష్షయి కొడుకు దావీదు. కథ వంశావళితో ముగియుట చూడఁగా నిషేధమును వ్యాఖ్యానముచేఁ గాక చరిత్రచేతనే కర్త ప్రశ్నించినట్లున్నది. చెఱనుండి మఱలివచ్చినవారిచే నన్యజాతి భార్యలను విడిపించిన ఎజ్రా కట్టడకుఁ బ్రత్యుత్తరముగా నీ కథ పుట్టినదని కొందఱు పండితులు తలఁతురు. కాలనిర్ణయము స్థిరపడలేదు గాన నా మాట నంత గట్టిగాఁ జెప్పరాదు. అయినను నీ రెండు గ్రంథము లొకే పవిత్రసంపుటియందుఁ బ్రక్కప్రక్కల నిలుచుట, రెండింటి నొకే ప్రజ భక్తితోఁ జదువుట, నిర్వివాదము. తోరా లభించిన దినముగా నెన్నఁబడు వారముల పండుగనాఁడు దేవాలయములయందు రూతుకథఁ జదువు నాచారము గలదు. విధి లభించిన దినమున, ఆ విధిచే వెలిపెట్టఁబడవలసిన స్త్రీ కథను వినిపించుట గొప్ప యౌచిత్యము.

ఈ విరోధమును దాల్ముదు కర్తలు పరిహరించిన తెఱఁగు మన మీమాంసకులకు వినోదము గొల్పును. నిషేధవాక్యమున మోయాబీయుఁ డని పుంలింగమున్నది గాన స్త్రీకి నిషేధము లేదని వారు నిర్ణయించిరి. స్వర్గకాముఁ డను పుంలింగ మవివక్షిత మని జైమిని సంప్రదాయమువారు స్త్రీకి యజ్ఞాధికారమును సాధించిరి. ఇచ్చటఁ బుంలింగము వివక్షిత మని స్త్రీకిఁ బ్రజాధికారమును సాధించిరి. యుక్తులు పరస్పరవిరుద్ధములైనను ఫలము లోనికిఁ బిలుచుటయే.

క్రీ. శ. 200 ప్రాంతమున రబ్బీ యూదా సంకలనము చేసిన మిష్నా మొదలుగాఁ గల స్మృతిగ్రంథములయందు రెండు ద్వారములు గాననగును. మొదటిది మాతృగర్భము. గోత్రమును యాజకత్వమును దండ్రినుండి వచ్చునుగాని యూదత్వము తల్లినుండియే వచ్చును. రెండవది ప్రవేశము. చేరవచ్చినవానిని దాల్ముదు చెప్పిన తీరున ముందుగా నడుగు ప్రశ్న దేవునిగూర్చి కాదు. ఈ ప్రజ బాధింపఁబడి, త్రోయఁబడి, కష్టములపాలైయున్నదని యెఱుఁగుదువా యనియే. ఎఱుఁగుదును, నేను దగనివాఁడ ననువానిని వెంటనే చేర్చుకొని కొన్ని తేలిక విధులను, గొన్ని కఠిన విధులను దెల్పుదురు. పిమ్మట సున్నతియు స్నానమును జరుగును. రూతుకథలోని క్రమమే యిందును గలదు. ఒకసారి చేరినవాఁడు గాని పుట్టినవాఁడు గాని పాపము చేసినను ఇశ్రాయేలీయుఁడే యని మఱియొకచోఁ జెప్పఁబడినది. బలాత్కారమునకు లోఁబడి మతము మార్చుకొన్నవారి విషయమున మహావ్యాఖ్యాత రాషి (1040–1105) యీ మాటనే ప్రమాణముగాఁ గైకొని వారిని త్రోసిపుచ్చరాదని తీర్పు చెప్పెను.

ఇంతవఱకు బాగుగనే యున్నది. చిక్కంతయు నొక సర్వనామమునందుఁ గలదు. తొలిపంటను యాజకుని యొద్దకుఁ గొనిపోవు రైతు, దేవుఁడు పితరులకు వాగ్దానము చేసిన దేశమునకు వచ్చితినని పలుకవలయును. అందు ‘అవోతేను’ అను మాట గలదు. తెనుఁగున నుత్తమపురుష బహువచనము రెండు విధములు. వినువానిని గలుపుకొన్నచో ‘మన’ యందుము; వెలిపుచ్చినచో ‘మా’ యందుము. హీబ్రూభాషకు నీ భేదము లేదు; ఆ యొక్క మాటయే రెండర్థముల నిచ్చును. భాషలో లేని భేదమును స్మృతికర్తలు శాసనముచేఁ గల్పించిరి. క్రొత్తగాఁ జేరినవాఁడు తొలిపంటను దెచ్చునుగాని యా వాక్యమును బలుకరాదు, ఆ పితరులు వాని పితరులు కారు గాన. తనలోఁ దాను బ్రార్థించునపుడు ఇశ్రాయేలు పితరు లనవలయును. సమాజమందిరమున నున్నపుడు మీ పితరు లనవలయును. తల్లి ఇశ్రాయేలీయురాలైనచో మాత్రమే మన పితరు లనవచ్చును. ఇది మిష్నా కట్టడ. అందఱు నొక్కగొంతుకతో మన యనుచుండఁగాఁ బ్రక్కనున్నవాఁడు మీ యనవలసివచ్చుట యెట్టి యవమానమో చెప్పనక్కఱలేదు. అబ్రాహాము బహుజనములకుఁ దండ్రి గావున వాఁడును మన పితరు లనవచ్చునని యెరూషలేము తాల్ముదునఁ బ్రతిపక్షము గలదు.

పండ్రెండవ శతాబ్దియం దీ రెండు పక్షములకు నిద్దఱు మహాపురుషులు గలిగిరి. అందు మొదటివాఁడు యెహూదా హలేవి. స్పెయినుదేశమునఁ బుట్టి హీబ్రూకవులలో నగ్రగణ్యుఁడైన యితఁడు 1140 ప్రాంతమున ‘ఖుజారి’ యను వచనగ్రంథమును అరబ్బీభాషలో ముగించెను. ఖజారు రాజునకుఁ గలలో నొక దూత కనఁబడి, నీ తలంపు దేవునికిఁ బ్రీతికరముగాని నీ చేష్ట కాదని తెల్పును. రాజు తత్త్వవేత్తను, క్రైస్తవుని, మహమ్మదీయుని గ్రమముగా విచారించును. యూదుని బిలువ నతని కిచ్చ లేదు. నీచదశలోనున్న ప్రజ సత్య మెట్లు చెప్పఁగల దని యతని తలంపు. తక్కినవా రిద్దఱు నిశ్రాయేలు చరిత్రమునే ప్రమాణముగాఁ జూపఁగాఁ గడపట యూదునే పిలిపించును. యూదాచార్యుఁడు సృష్టికర్తనుగూర్చి కాక, అబ్రాహాము దేవునిగూర్చి, ప్రజను ఐగుప్తునుండి వెడలించిన దేవునిగూర్చి మొదలిడును. రాజు వెఱఁగందును. లోకమున కంతకుఁ జెందిన సృష్టికర్తను విడిచి యొక ప్రజయొక్క పూర్వకథ నేల చెప్పెదవని యడుగును. తర్కముచే సాధింపఁబడిన దేవుఁడు తర్కముచేఁ గూలును, ఆఱులక్షలమంది కన్నులారఁ జూచిన కార్యము కూల దని యాచార్యుని సమాధానము.

సంవాదరచనలో హలేవి చూపిన నేర్పు కొనియాడఁదగినది. ప్రతిపక్షులను మూఢులుగాఁ జిత్రింపలేదు. రాజు ప్రశ్న లన్నియు నిజమైన ప్రశ్నలు. కాని గ్రంథమధ్యమున హలేవి యొక కఠినసిద్ధాంతమును జెప్పెను. ఇశ్రాయేలునందు వంశపారంపర్యముగా నొక దైవీశక్తి గలదు. చేరినవాఁడు మేలునందుఁ బాలుపొందునుగాని పుట్టినవానితో సముఁడు గాఁడు, ప్రవక్త కానేరఁడు అని. ఈ మాట నా యాచార్యుఁడు చెప్పుచున్న దెవనికి? చేరఁబోవు రాజునకు. విన్న రాజు మఱలిపోఁడు; యూదధర్మము నవలంబించి శేషగ్రంథమంతయు శిష్యుఁడై వినును. ఇందు హలేవి సిద్ధాంతమునకు నతని కథయే యెదురు సాక్ష్యము చెప్పుచున్నది. వంశమే సర్వస్వమైనచో నా గ్రంథమునకు నాయకుఁడు ఖజారు రాజు కానక్కఱలేదు. అవమానమునం దున్న తన ప్రజకు నాత్మగౌరవము నిలుపుటకు హలేవి వంశమును బ్రశంసించెనని యెంచినచో నాతని యుద్దేశము సుగ్రహమగును. ఉద్దేశము మంచిదైనంతమాత్రమున సిద్ధాంతము నిర్దుష్టము కానేరదు.

రెండవవాఁడు మైమోనిదీసు. కొర్దొవానగరమునఁ బుట్టి ఐగుప్తున ఫుస్తాతునందు వైద్యుఁడుగను న్యాయకర్తగను జీవించి 1204లో మరణించెను. మహమ్మదీయకుటుంబమునుండి వచ్చి యూదుఁడైన ఓబద్యా యనునతఁడు, ప్రార్థనలలో మన పితరు లనుట తనకుఁ దగునా యని యితనికి లేఖ వ్రాసెను. మైమోనిదీసు మిష్నా కట్టడను బ్రక్కకు నెట్టి యెరూషలేము తాల్ముదు పక్షమును గైకొనెను. ప్రతి ప్రార్థనను నేమియు మార్పక పలుకవలసినదని, అబ్రాహాము తన యింటివారికి బోధించినట్లే తరువాత నా మార్గము నవలంబించిన ప్రతివాఁడు నతని శిష్యుఁడు, అతని యింటివాఁడునని బదులు వ్రాసెను. ఐగుప్తునుండి వెడలించిన వాక్యమును మాత్రము మార్చుకొన్నను మార్చుకొనకున్నను దోషము లేదనెను. పుట్టినవారు తమ వంశము నబ్రాహాముతో ముడివైచుకొనఁగా నీ వంశము లోకమును మాటచేఁ గల్పించినవానితోనే ముడిపడినదని కడపట నోదార్చెను. పెక్కు గ్రంథములు రచించి గంభీరతర్కమునకుఁ బేరుపొందిన యాచార్యుఁ డొంటరివాని యొక సర్వనామముకొఱ కింత శ్రద్ధ వహించుట యాతని గ్రంథములలో నెల్ల హృద్యమైన ఘట్టము.

ఈ రెంటిని బోల్చినవారు మైమోనిదీసు పక్షమే యుదారమని వెంటనే తీర్పు చెప్పుదురు. తీర్పు తొందరపాటుది. మైమోనిదీసే మిష్నావ్యాఖ్యానమునఁ బదుమూఁడు మూలసూత్రములను గూర్చి, వానిలో నొక్కదానిని గాదన్నను వాఁడు సమాజమునుండి వెడలినవాఁడే యని శాసించెను. హలేవి కట్టిన గోడ లోనికి వచ్చువానికిఁ గొంత యడ్డము. కాని లోనఁ బుట్టినవానిని వెలికిఁ ద్రోయదు. మైమోనిదీసు తెఱచిన తలుపు వచ్చువానికి నెంత వెడల్పో, సందేహించి పోవువానికిని నంత వెడల్పు. వంశమే లక్షణమైనచోఁ బరాయివాఁ డెన్నఁటికిఁ బూర్ణముగాఁ దనవాఁడు గాఁడు. విశ్వాసమే లక్షణమైనచోఁ దనవాఁడే యొకనాఁడు పరాయివాఁ డగును. ఉదార మనఁబడు సిద్ధాంతమునందును గ్రౌర్యము దాఁగియుండవచ్చు ననుట కిది నిదర్శనము. 1656 జూలై 27వ తేదీని ఆంస్టర్డాము సమాజమువారు ఇరువదిమూఁడేండ్ల స్పినోజాను వెలివేసిరి. అతఁడు మఱి యే మతమునను జేరక 1677లో మరణించెను. వెలివేసినవారు లోకమునకు విస్మృతులైరి. వెలివేయఁబడినవానినే లోకము నేఁటికిని యూదతత్త్వవేత్త యనుచున్నది.

పదునెనిమిదవ శతాబ్దినుండి యూదులకు యూరోపు సమాజమునఁ బ్రవేశము దొరకఁజొచ్చెను. 1783లో మెండెల్సను ‘యెరూషలేము’ అను గ్రంథమున, యూదధర్మము వెల్లడింపఁబడిన శాసనమేగాని వెల్లడింపఁబడిన సిద్ధాంతము కాదని వాదించెను. ఆలోచనమున స్వేచ్ఛ, ఆచరణమున విధి యని యాతని పరిష్కారము. పరిష్కారము చక్కనిదే, కాని పెరిగి పెద్దవారైన యాతని సంతానమాఱుగురిలో నలువురు క్రైస్తవులైరి. ఆచరణము కథనుండి విడివడి తర్కముమీఁద మాత్రమే నిలువలేకపోయెను. జర్మనుకవి హైనే 1825లో బాప్తిస్మము పొందెను. అతఁడే రోగశయ్యనుండి 1851లో వెలువరించిన సంపుటియందు హీబ్రూగీతము లను భాగమున యెహూదా హలేవిపై దీర్ఘకావ్యమును వ్రాసి యసంపూర్ణముగా విడిచెను. ధర్మమును విడిచినవాఁడు కవిని విడువలేఁడయ్యె. పత్రమునఁ గ్రైస్తవుఁడైన హైనే కావ్యమున హలేవిని దన పితరునిగాఁ గైకొన్నాఁడు. ఇది సంస్కారపరమైన యూదత్వమునకు మొదటి గొప్ప నిదర్శనములలో నొకటి.

సంస్కార మనుటచే నిచ్చట నేమి గ్రహింపవలయును? భాష, హాస్యము, భోజనము, పాట, పండుగ, వాదించు తీరు. తూర్పు యూరోపునందు జర్మనుమూలమై, హీబ్రూపదములను స్లావుపదములను గలుపుకొని, హీబ్రూలిపిలో వ్రాయఁబడు యిద్దిషు భాష రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు కోటిమందికిఁ బైగా మాటలాడు భాష. షోలెం అలైహెం (1859–1916) సృష్టించిన పాలవాఁడు తేవ్యె శాస్త్రవాక్యములను దప్పుగ నన్వయించుచు నవ్వించును. అన్యమతస్థుని బెండ్లాడిన కూఁతురు దారిలో నెదురై వేఁడఁగా మాటలాడక బండి తోలుకొనిపోయి, పిమ్మట యూదుఁ డననేమి, యూదుఁడు కానివాఁ డననేమి, దేవుఁ డిరువురి నేల సృజించెనని తనలోఁ దాను దలపోయును. ఆ ప్రశ్నకు శాస్త్రమున నుత్తరముండియుఁ దండ్రి గుండెలో లేదు. ఈ యొక ఘట్టము పెక్కు సిద్ధాంతగ్రంథములకన్న నీ విషయము నెక్కువగాఁ దెలుపును. 1934లో మొర్దెకై కాప్లను యూదధర్మము నొక నాగరికతగా నిరూపించి, యీ యనుభవమునకు సిద్ధాంతరూపము నొసఁగెను. అందుఁ గొఱత యేమనఁగా, నాగరికతను బరాయివాఁడును మెచ్చుకొని యనుభవింపవచ్చును. మెచ్చుకొన్నంత మాత్రమున యూదుఁడు గాఁడు.

యూదులు తమలోఁ దాము విచారించుకొనుచున్న యీ ప్రశ్నకు వారి శత్రువులు 1935లో న్యూరెంబర్గు శాసనములచే నుత్తరము చెప్పిరి. మువ్వురు గాని నలువురు గాని తాతలును అవ్వలును యూదులైనచో వాఁడు యూదుఁడు. రక్తమే ప్రమాణ మనినవారికి రక్తమును జూచి తెలియు సాధన మేదియు దొరకలేదు. తాత యే మందిరమునకుఁ జెందినవాఁడో యా మతపట్టికలనే వెదకుకొనిరి. తమ సిద్ధాంతము తప్పని వారి పద్ధతియే చాటినది. యూదుఁడు కాననువానిని సైతము నా శాసనము విడువలేదు. యూదకుటుంబమునఁ బుట్టి కాథలిక సన్న్యాసినియైన ఎడిత్ స్టయిను 1942లో ఔష్విట్సునఁ జంపఁబడెను. అఱువదిలక్షలమంది చంపఁబడిరి. పరులు విధించిన లక్షణము ప్రాణము దీయఁగలదు గాని యర్థము నీయఁజాలదు. అయినను నా బాధ జ్ఞాపకములోఁ జేరినది. జ్ఞాపకము లక్షణములోఁ జేరినది.

1948లో ఇశ్రాయేలు రాజ్య మేర్పడి, 1950లో యూదు లెల్లరకు నచ్చటికి వచ్చు హక్కు శాసనమైనపిమ్మటఁ బ్రశ్న న్యాయస్థానముల కెక్కెను. పోలండున యూదుఁడుగాఁ బుట్టిన ఆస్వాల్డు రుఫైజెను యుద్ధకాలమున మీరు పట్టణమునఁ దన ప్రాణము నొడ్డి రమారమి మున్నూఱుమంది యూదులు తప్పించుకొనుటకుఁ గారకుఁడయ్యెను. కన్యామఠమున దాఁగియుండి క్రైస్తవుఁడై, పిమ్మట సన్న్యాసి యయ్యెను. యూదుఁడనను హక్కుతోఁ దనకుఁ బౌరసత్వ మీయవలయునని యతఁడు కోరఁగా 1962లో నున్నతన్యాయస్థానము నిరాకరించెను. ఇచ్చటి విపర్యాసము చూడుఁడు. పాపము చేసినను ఇశ్రాయేలీయుఁడే యను ప్రాచీనస్మృతి ప్రకార మతఁడు యూదుఁడు. లౌకికన్యాయాధిపతుల లోకవ్యవహారదృష్టి ప్రకారము కాఁడు. అతఁడు ప్రజ మనదే యని పలికెనుగాని ప్రజ యాతనిని మనవాఁ డనలేదు. సాధారణపద్ధతిని బౌరసత్వమును బొంది 1998లో మరణించువఱకు నా దేశముననే జీవించెను. 1970లో శాలీతు వ్యాజ్యమున, యూదేతర స్త్రీకి యూదునివలనఁ గలిగిన బిడ్డలను జాతిచే యూదులని వ్రాసికొనవలసినదని న్యాయస్థాన మైదుగురు నలువురను భేదముతోఁ దీర్పు చెప్పఁగా, వెంటనే శాసనము సవరింపఁబడి, యూదమాతకుఁ బుట్టినవాఁడు గాని చేరినవాఁడు గాని, వేఱుమతస్థుఁడు కానివాఁడు యూదుఁ డని నిర్ణయింపఁబడెను. అమెరికాలోని సంస్కరణపక్షపు రబ్బీలు 1983లోఁ దల్లిదండ్రులలో నే యొకరు యూదులైనను, యూదుఁడుగా బహిరంగముగ నాచరించినచోఁ జాలునని తీర్మానించిరి. హలేవి పక్షమును మైమోనిదీసు పక్షమును నేఁటికిని రాజీపడుచునే యున్నవి.

భరతఖండమునకును నీ విషయమున సంబంధము గలదు. కొంకణతీరమున బహుకాలముగా విశ్రాంతిదినమును బాటించుచు వచ్చిన బెనె ఇశ్రాయేలులు ఇశ్రాయేలునకు వలసపోఁగా, ఇతరయూదులతో వివాహమునకు ముందు వారి పూర్వులను విచారింపవలయునని 1962లో మతాధికారులు కట్టడచేసిరి. వారు పూనికతోఁ బోరాడి 1964లో సమానగౌరవమును సాధించుకొనిరి. తెనుఁగుదేశమున గుంటూరుమండలమునఁ, జాయపసేనాని శాసనములచేఁ బ్రసిద్ధమైన చేబ్రోలుచెంత, కొత్తరెడ్డిపాలెమునందు బెనె ఎఫ్రాయీము లను చిన్న సమాజము గలదు. వారు మాదిగకులమువారు, 1990 ప్రాంతమునుండి సమాజమందిరమును నిలుపుకొని, తాము ఎఫ్రాయీము గోత్రజులమని చెప్పుకొనుచు, హీబ్రూ నేర్చుకొనుచున్నారు. వీరినిగూర్చి యులియా ఎగోరొవా, షహీద్ పర్వేజులు రచించిన గ్రంథము 2013లో వెలువడెను. వీరి వంశకథను జరిత్రప్రమాణములచే సాధించుట దుష్కరము. కాని రూతు వంశపత్రికఁ జూపలేదు. ఖజారు రాజును జూపలేదు. పుట్టుక పేరిట నూరిచివర నుంపఁబడినవారు తమకు మఱియొక పుట్టుకకథను గోరుకొనుట తెనుఁగువారికి సులభముగ నర్థము కావలసిన విషయము. కథ పరీక్ష కాఁగవలసినదే. దాని వెనుకనున్న యాకాంక్ష పరిహసింపఁదగినది కాదు.

ఇఁక నిర్ణయము. పస్కాపండుగ రాత్రి భోజనమునొద్దఁ జదువు హగ్గాదాయందు నలువురు కొడుకుల ప్రస్తావము గలదు. వారిలో దుష్టుఁ డనఁబడినవాఁడు దేవుఁడు లేఁ డనలేదు, విధిని మీఱలేదు, తండ్రితోఁ బంక్తిలోఁ గూర్చుండియే యున్నాఁడు. ఈ కర్మము ‘మీ’ కేమి యని యడుగుటయే వాని దోషము. మన యనవలసినచోట మీ యనెను. నాఁడు ప్రవేశించినవానిని బలాత్కారముగ ననుమన్న మాటనే వీఁడు తనంతఁ దా ననెను. ఆ మాట యనుమని నిర్బంధించుట మొదటిచోఁ దప్పు. ఇష్టముతో ననుట రెండవచోఁ దప్పు. ఆ రాత్రి ప్రతివాఁడును దానే ఐగుప్తునుండి వెడలివచ్చినట్లు భావించుకొనవలయునని విధి. ఈ భావన పుట్టుకచే రాదు. పుట్టినవాఁడును నేటేటఁ దెచ్చుకొనవలసినదే. కావునఁ బుట్టినవాఁడును జేరినవాఁడు నా రాత్రి సమానులు.

యూదత్వ మనఁగా నొక ప్రజయొక్క పూర్వకథను మన కథ యని పలుకుట, ఆ పలుకుటవలనఁ గలుగు విధులను బాధలను దలదాల్చుట, ఆ ప్రజయు వానిని మనవాఁ డని పలుకుట. మొదటిది లేనిచో వంశము పేరుమాత్రమే. రెండవది లేనిచోఁ గథ విలాసమే. మూఁడవది లేనిచో రుఫైజెనునకుఁ గలిగిన యేకాంతమే. మతము సంస్కార మను రెండు మాటలు నీ మూఁటిలోఁ గలిసిపోవుచున్నవి. లక్షణ మిట్లు చెప్పుట సులభము. ఎదుటివాని విషయమునఁ బాటించుట కష్టము. ఓబద్యాకు వ్రాసిన లేఖలో మైమోనిదీసు లక్షణము చెప్పలేదు; ఒక మనుష్యునితో మన యనెను.